ఒసాకాలో మూడు నెలలు: పిల్లల దగ్గరకు వెళ్ళే సిక్కోలు పెద్దలకు కొన్ని సూచనలు

ఒసాకాలో ఆరేళ్ళు ఉద్యోగం చేసి శ్రీకాకుళం తిరిగి వచ్చిన నాటి నుంచి, కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో జపాను ప్రయాణం కట్టిన పెద్దలు మా ఇంటి అరుగు మీద కూర్చుని అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే వరుసలో ఉంటాయి. చలి ఎంత ఉంటుంది, కందిపప్పు దొరుకుతుందా, భూమి కంపిస్తే ఏం చేయాలి అన్నవి మొదటి మూడు. వీటికి పిల్లలే సమాధానం చెప్పగలరు. పిల్లలకు అలవాటైపోయి చెప్పాలన్న సంగతే తోచని విషయాలు వేరే ఉన్నాయి. సందర్శక వీసా మీద 90 రోజుల వరకు ఉండవచ్చు కనుక, ఆ చిన్న విషయాలే రోజుకు పదిసార్లు ఎదురై, తెలియనివారిని నవ్వుల పాలు చేస్తాయి, తెలిసినవారికి నవ్వు తెప్పిస్తాయి. ఈ వ్యాసం ఆ రెండో పక్షంలో చేరాలనుకునేవారి కోసం.

ముందుగా ఒక సంగతి తెలుసుకుంటే సగం బెరుకు పోతుంది. జపాను అనగానే మన మనసులో మెదిలే, తల వంచి మౌనంగా నిలబడే మనిషి తోక్యో మనిషి. ఒసాకా మనిషి అలా ఉండడు. గట్టిగా మాట్లాడతాడు, ధర తగ్గించమని అడుగుతాడు, ముక్కూ మొహం తెలియనివారితో మాట కలుపుతాడు. అక్కడి టీవీలో నవ్వించేవారిలో చాలామంది ఒసాకా వైపు యాసలోనే మాట్లాడతారు. మన సినిమాలలో సిక్కోలు యాసకు ఏ పాత్రలు దక్కుతూ వచ్చాయో గుర్తు చేసుకుంటే, ఆ ఊరివారి మీద మనకు చుట్టరికం పుట్టుకొస్తుంది. దేశమంతా కృతజ్ఞతకు ‘అరిగాతో’ అంటే వీరు ‘ఓకిని’ అంటారు. ‘ఎంత’ అనడానికి మిగిలినవారు ‘ఇకురా’ అంటే వీరు ‘నంబొ’ అంటారు. డబ్బు వేస్తే పానీయం ఇచ్చే యంత్రాలలో కొన్ని ఒసాకా యాసలోనే పలకరిస్తాయి. కాఫీ డబ్బా పడేసి ‘మాయిదో, ఓకిని’ అని యంత్రం అన్నప్పుడు, ఆమదాలవలస స్టేషన్‌లో టీ అమ్మే కుర్రవాడు ‘ఏటి బాబూ, బాగున్నారా’ అన్నంత హాయిగా నాకు ఉండేది. ఆ యంత్రాలలో ఎర్ర పట్టీ ఉన్న వరుస వేడి పానీయాలకు, నీలం పట్టీ ఉన్న వరుస చల్లని వాటికి అని గుర్తుంచుకోవాలి; మండు వేసవిలో వేడి డబ్బా పట్టుకుని ఇంటికి వెళ్ళిన పెద్దలను నేను చూశాను.

పెట్టె సర్దేటప్పుడు

మిక్సీ తీసుకువెళ్ళకండి. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులు, అక్కడ 100 వోల్టులు. మా అమ్మ ఎంత చెప్పినా వినకుండా విజయనగరంలో కొన్న కొత్త మిక్సీని చీరల మధ్య చుట్టి తెచ్చింది. అది కొబ్బరి ముక్కల ముందు ముసలి ఎద్దులా మూలిగి ఆగిపోయింది. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు, కూరగాయలు విమానాశ్రయం దాటవు. మొక్కల తనిఖీ పత్రం లేనిదే ఏ పచ్చి ఆకునూ పండునూ లోపలికి రానివ్వరు, మాంసంతో చేసినవైతే అసలే రానివ్వరు. అందుచేత ఆ జాగాలో వేయించి మూసిన పలాస జీడిపప్పు చిన్న చిన్న పొట్లాలు పెట్టుకోండి. కిలో సంచి ఒకటి కాదు, చిన్న పొట్లాలు పాతిక. ఎందుకో చెబుతాను.

జపానులో ఊరి నుంచి వచ్చినవారు ఇరుగుపొరుగుకూ తోటి ఉద్యోగులకూ తినుబండారం పంచడం ఒక ఆచారం. దానిని ‘ఒమియాగె’ అంటారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పొట్లంగా ఉండాలి. డబ్బా మూత తీసి ‘గుప్పెడు తీసుకోండి’ అంటే ఎవరూ చేయి పెట్టరు. అయితే ఇచ్చి ఊరుకుంటే వ్యవహారం ముగియదు. శుభకార్యాలకు వచ్చిన కానుకకు దాదాపు సగం విలువ గల వస్తువు తిరిగి ఇచ్చే పద్ధతి వారిలో గట్టిగా ఉంది, చిన్న కానుకకు కూడా ఏదో ఒకటి తిరిగి ఇవ్వకపోతే వారికి నిద్ర పట్టదు. మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం రాసి, వారింట శుభకార్యం వచ్చేదాకా భద్రపరిచే ఇళ్ళవారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. కాకపోతే మనం పదేళ్ళకు తీర్చే బాకీని వారు పది రోజులలో తీర్చేస్తారు. పొట్లాలు నాలుగు మాత్రం ఇవ్వకండి. నాలుగును ‘షి’ అంటారు, చావుకూ అదే ఉచ్చారణ. మూడు ఇవ్వండి, అయిదు ఇవ్వండి.

చెత్తకు పంచాంగం

ఒసాకాలో దిగిన మరునాడు ఉదయం మీ కోడలు వంటగది గోడకు అంటించిన రంగురంగుల కాగితాన్ని చూపిస్తుంది. అది చెత్త కాగితం. అంటే వారంలో ఏ రోజున ఏ చెత్త బయట పెట్టాలో తెలిపే పట్టిక. కాలిపోయే చెత్తకు కొన్ని రోజులు, ప్లాస్టిక్కుకు ఒక రోజు, సీసాలకూ డబ్బాలకూ ఒక రోజు, పాత కాగితాలకు మరొకటి. వివరాలు వార్డును బట్టి మారుతాయి. మా పెద్దమ్మ ఆ పట్టికను మూడు నిమిషాలు చదివి, ‘ఏటి బాబూ, ఈ దేశంలో చెత్తకి కూడా తిథీ వారం చూడాలేటి?’ అంది. చూడాలి. రాహుకాలం కూడా ఉంది: ఉదయం బండి వచ్చే వేళ దాటాక పెట్టిన సంచి మళ్ళీ ఆ రోజు వచ్చేదాకా మీ బాల్కనీలోనే ఉంటుంది.

ఇక్కడ పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. నీళ్ళ సీసాను యథాతథంగా పడేయకూడదు. మూత తీసి, పైనున్న కాగితం ఒలిచి, కడిగి, నొక్కి వేయాలి. మూతా కాగితమూ ప్లాస్టిక్కు వర్గానికి చెందుతాయి, సీసా వేరే వర్గానికి. సంచి లోపలిది కనిపించేలా పారదర్శకంగా ఉండాలి. అందువల్ల మీ ఇంట్లో ఆ వారం ఏం తిన్నారో వీధి వీధికి తెలుస్తుంది. కాకులు చించకుండా సంచుల మీద వల కప్పుతారు, ఆ వల అంచును మీరూ సరిగా సర్దాలి. తప్పు రోజున పెట్టిన సంచిని బండివారు తీసుకుపోరు. తప్పేమిటో తెలిపే చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు. మా సంచికి ఒకసారి ఆ చీటీ పడింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ సిగ్గుగా అనిపించింది. పాత పరుపు, కుర్చీ లాంటి పెద్ద వస్తువులనైతే డబ్బిచ్చి వదిలించుకోవాలి: ముందుగా నగరపాలక సంస్థకు చెప్పి, దుకాణంలో చీటీ కొని, వస్తువుకు అంటించి, చెప్పిన రోజున బయట పెట్టాలి. పాత సామాను కొనేవాడు గేటు దగ్గర అరిస్తే బేరమాడి డబ్బు పుచ్చుకునే మనకు, చెత్తకు ఎదురు డబ్బివ్వడం మింగుడుపడదు.

తోకుషిమా ప్రాంతంలోని కమికత్సు అనే చిన్న ఊరిలో చెత్తను నలభైకి పైగా రకాలుగా విడదీస్తారని విన్నాక మా పెద్దమ్మ ఒసాకాను క్షమించింది.

ఇంతటి శ్రద్ధ గల నగరంలో వీధిలో చెత్తబుట్ట కనబడకపోవడం మరొక వింత. 1995 మార్చి 20న తోక్యో భూగర్భ రైళ్ళలో ఒక మతసంస్థవారు సారిన్ విషవాయువు వదిలిన ఘోరం తరువాత, బుట్టలలో ప్రమాదకర వస్తువులు దాచే వీలుండకూడదని చాలాచోట్ల వాటిని తీసేశారు. కాబట్టి చేతిసంచిలో ఒక ఖాళీ ప్లాస్టిక్ సంచి పెట్టుకుని, అరటి తొక్కతో సహా ఇంటికి మోసుకురావడం నేర్చుకోవాలి. సంచులు కూడా ఇంటి నుంచే తెచ్చుకోవడం మేలు, 2020 జులై నుంచి దుకాణాలలో ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకుంటున్నారు.

మరుగుదొడ్డి మీటలు

అమెరికా వెళ్ళిన మన పెద్దలు చెంబు కోసం పడే అవస్థ జపాను వెళ్ళినవారికి ఉండదు. కూర్చున్న పీటే నీళ్ళు చిమ్మి కడిగే ఏర్పాటు 1980లో తోతో సంస్థ ‘వాష్‌లెట్’ పేరుతో అమ్మకానికి తెచ్చిన నాటి నుంచి ఇంటింటికీ పాకింది. చలికాలంలో పీట వెచ్చగా ఉంటుంది. మొదటిసారి కూర్చున్న మా నాన్న, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళారనుకుని చాలాసేపు ఇబ్బంది పడ్డాడు.

అయితే గోడ మీద మీటలు పది దాకా ఉంటాయి, అన్నీ వారి లిపిలోనే ఉండవచ్చు. రెండు అక్షరాలు నేర్చుకుంటే చాలు. చేతులు బారజాపి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిన మనిషిలా కనిపించే అక్షరానికి ‘పెద్ద’ అని అర్థం, ఎక్కువ నీళ్ళు వదులుతుంది. మధ్యలో నిలువు గీత, దానికి రెండు పక్కలా రెండు చిన్న గీతలు ఉన్నది ‘చిన్న’. నీళ్ళు చిమ్మడం మొదలయ్యాక కంగారుపడి లేవకూడదు. లేస్తే ఎదుటి గోడ తడుస్తుంది. చదరపు గుర్తు ఉన్న మీట నొక్కితే ఆగుతుంది. ఈ బొమ్మలు ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క తీరుగా ఉండి విదేశీయులు తికమకపడుతున్నారని, 2017లో తయారీదారులు కలిసి అందరికీ ఒకే బొమ్మలు ఖాయం చేసుకున్నారు. ఇక ఎర్రగానో నారింజ రంగులోనో విడిగా ఉండే మీట జోలికి పోకండి. అది నీళ్ళ కోసం కాదు, ఆపదలో ఉన్నవారు సహాయం పిలవడానికి. ఒక పెద్ద దుకాణంలో మా నాన్న దానిని నొక్కి, తలుపు బయట ముగ్గురు సిబ్బంది ఆందోళనగా పిలుస్తుంటే, లోపల నుంచి తెలుగులో ‘ఏటీ లేదు, ఏటీ లేదు’ అని అరుస్తూ ఉండిపోయాడు.

చెప్పుల సంగతి మనకు కొత్త కాదు, గుమ్మంలోనే విడుస్తాం. కాని మరుగుదొడ్డికి విడిగా ఒక జత ఉంటుంది. దానిని తొడుక్కుని మరచిపోయి అలాగే హాలులోకి వచ్చేయడం అక్కడ పరువు తక్కువ పని. మడి ఆచారం చూసిన ఇళ్ళవారు దీనిని సులభంగా పట్టుకుంటారు.

రైలులోనూ రోడ్డు మీదా

ఆమదాలవలసలో ఎక్కి విశాఖపట్నంలో దిగేలోగా పక్క సీటువారి అల్లుడి జీతం దాకా తెలుసుకోగల మనకు, నిండా జనమున్న రైలులో చక్రాల చప్పుడు మాత్రమే వినబడడం మొదట భయం గొలుపుతుంది. ఫోను మోగకూడదు, మోగినా మాట్లాడకూడదు. ఊరి నుంచి ఫోను వస్తే తీయకండి. మన కన్నా అక్కడ మూడున్నర గంటలు ముందు కనుక, చుట్టాలకు ఆ లెక్క వెళ్ళేముందే చెప్పి రావడం మంచిది. మిదోసుజి అనే భూగర్భ రైలు మార్గంలో పని దినాలలో రోజంతా ఆడవారికే కేటాయించిన పెట్టె ఒకటి ఉంటుంది, ప్లాట్‌ఫారం నేల మీద గులాబీ రంగు గుర్తు ఉంటుంది. భార్య వెనుక నడిచే అలవాటున్న మగవారు అక్కడ కాస్త తల ఎత్తి చూసుకోవాలి.

కదిలే మెట్ల మీద ఒసాకాలో కుడివైపు నిలబడతారు, తోక్యోలో ఎడమవైపు. 1970లో ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శన నాటికి విదేశీ పద్ధతి చూసి ఇలా స్థిరపడిందని చెబుతారు. రెండు వైపులా నిలబడండి, నడవకండి అని రైల్వేవారు ప్రకటనలు పెడుతున్నారు, సైతామాలో 2021లోనూ నగోయాలో 2023లోనూ అందుకు స్థానిక శాసనాలే వచ్చాయి. అయినా మీరు ముందున్న మనిషి వెనుకనే నిలబడండి, అదే తేలిక.

నడకదారి దీపాలు వెలిగినప్పుడు పక్షి కూతలు వినిపిస్తాయి, చూపు లేనివారి కోసం. ఒక దిక్కుకు కోకిల లాంటి కూత, అడ్డంగా ఉన్న దిక్కుకు పిల్ల పక్షి కిచకిచ. అర్ధరాత్రి ఒక్క బండి కూడా లేని రోడ్డు ముందు నలుగురు మనుషులు ఎర్ర దీపం వైపు చూస్తూ నిలబడి ఉంటారు. ఏడు రోడ్ల కూడలిలో ఏడు వైపుల నుంచీ ఒకేసారి దాటగల నేర్పు ఉన్నవారు అక్కడ ఆ విద్యను ప్రదర్శించవద్దు. ఆకుపచ్చ దీపాన్ని వారు ‘అఒ’, అంటే నీలం, అంటారు. పిల్లలు దీనికి నవ్వుతారు గాని, పసుపునూ ఆకుపచ్చనూ కలిపి ‘పచ్చ’ అనే మనకు నవ్వే హక్కు లేదు. టాక్సీ ఆగితే తలుపు పట్టుకోకండి. వెనుక ఎడమ తలుపును డ్రైవరే లోపల నుంచి తెరుస్తాడు, దిగాక మూస్తాడు కూడా.

మాటల తమాషా

భాష రాదని బెంగ పడనక్కరలేదు, వచ్చిన మాటలే ఎక్కువ చిక్కు తెస్తాయి. జపానులో తన తండ్రిని గురించి చెప్పేటప్పుడు ‘చిచి’ అంటారు, తల్లిని ‘హహ’ అంటారు. ‘ఈయన మా చిచి’ అని మీ అబ్బాయి స్నేహితుడు తన తండ్రిని చూపిస్తే మొహం చిట్లించకండి. సంచిలో తాళంచెవి వెతుక్కుంటున్న అమ్మాయి హఠాత్తుగా ‘అత్తా!’ అంటే మిమ్మల్ని పిలిచినట్టు కాదు, ‘దొరికింది!’ అని అర్థం. ‘మామా’ అంటే ఫరవాలేదు, ఏదో అలా ఉంది అని. మనవడిని రైలులో ‘నానీ, నానీ’ అని పిలిచే బామ్మలు కొంచెం నెమ్మదిగా పిలవాలి. ‘నాని’ అంటే ‘ఏమిటి?’. మా పక్కింటి బామ్మ అలా పిలిచినప్పుడల్లా ఎదుటి సీటులోని ముసలాయన తననే అడుగుతోందనుకుని చుట్టూ చూసుకోవడం నాకు గుర్తుంది.

వారు ‘హై, హై’ అని తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదు. మన ఇళ్ళలో కథ చెబుతుంటే ఊఁ కొట్టినట్టే అది, వింటున్నామని చెప్పడం. ఒప్పుకోకపోతే కాదు అని కూడా అనరు, ‘చొత్తొ...’ అని సాగదీసి, గాలి పీల్చి, ఆగిపోతారు. ‘చొత్తొ’ అంటే కొంచెం. ఆ కొంచెం వెనుక పూర్తి నిరాకరణ ఉంటుంది. సంబంధం నచ్చనివారు ‘చూద్దాం లెండి, కబురు చేస్తాం’ అన్నప్పుడు గ్రహించగలిగినవారు దీనిని కూడా గ్రహిస్తారు. మీకు ఒక్క మాట నేర్చుకునే ఓపికే ఉంటే ‘సుమిమాసెన్’ నేర్చుకోండి. దారి ఇమ్మనడానికి, పొరపాటుకు, పిలవడానికి, మేలు చేసినవారికి కృతజ్ఞతగా, అన్నిటికీ అదే పనికివస్తుంది.

తిండి దగ్గర

హోటళ్ళ అద్దాల వెనుక కనిపించే పదార్థాలు తినేవి కావు, మైనంతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన నమూనాలు. ఇవాసాకి తకిజో అనే ఆయన 1932లో ఒసాకాలోనే వీటి వ్యాపారం మొదలుపెట్టాడు. పేర్లు చదవలేనివారు వడ్డించే మనిషిని మర్యాదగా బయటకు పిలిచి అద్దంలో వేలుతో చూపిస్తే సరిపోతుంది, ఎవరూ తప్పు పట్టరు. శాకాహారులు మాత్రం వేలు చూపించి ఊరుకోకూడదు. కూరగాయల పులుసులా కనిపించే దానిలోనూ ఎండు చేపతో తీసిన ‘దషి’ రసం ఉండవచ్చు. మాంసం వద్దంటే ముక్కలు తీసి పెడతారు, రసం ఉంటుంది. పిల్లల చేత జపాను భాషలో కాగితం మీద రాయించి పెట్టుకోండి.

నూడుల్సును చప్పుడు చేస్తూ జుర్రడం తప్పు కాదు. అన్నంలో తినే పుల్లలు నిలువుగా గుచ్చడం, పుల్లతో పుల్లకు ముక్క అందించడం మాత్రం తప్పు. మొదటిది చనిపోయినవారి ముందు పెట్టే అన్నాన్ని, రెండోది దహనం తరువాత ఎముకలను ఎత్తే తంతును గుర్తు చేస్తాయి. పిండాల అన్నాన్ని ఇంటి విస్తరి దగ్గరకు రానివ్వని మనకు కారణం వేరే చెప్పనక్కరలేదు. వారి బియ్యం జిగురుగా ఉంటుంది. దానితో పులిహోర కలిపితే ముద్దయి గిన్నెకు అతుక్కుంటుంది. పొడవు బియ్యం, పప్పులు భారతీయ దుకాణాలలో దొరుకుతాయి, పక్కనున్న కోబెలో మనవారు తరతరాలుగా ఉన్నారు. ఎండుమిర్చి పోపు పెట్టేటప్పుడు వంటగది గాలిమరను ముందే తిప్పండి. లేకపోతే గోడ అవతల దగ్గు వినబడుతుంది, ఆ దగ్గినవారే మరునాడు లిఫ్టులో మీకు నమస్కరించి ‘సుమిమాసెన్’ అంటారు.

డబ్బు చేతికి ఇవ్వరు, బల్ల మీది పళ్ళెంలో పెడతారు; మీరూ అలాగే పెట్టండి. బక్షీసు ఇస్తే వెంటపడి తిరిగి ఇస్తారు. పర్సు పోతే ‘కోబాన్’ అనే చిన్న పోలీసు గదిలో చెప్పండి, దొరికే అవకాశం బాగానే ఉంటుంది. దొరికినవారికి విలువలో 5 నుంచి 20 శాతం దాకా అడిగే హక్కు చట్టం ఇచ్చింది, మూడు నెలలలో సొంతదారు తేలకపోతే అది వారిదే అవుతుంది. మా నాన్న పర్సు తెచ్చిన ఆయన ఏమీ పుచ్చుకోలేదు. జీడిపప్పు పొట్లం మాత్రం పుచ్చుకున్నాడు.

ఆ పొట్లాలు బయటకు వెళ్ళేటప్పుడల్లా చేతిసంచిలో ఉండాలి. ఒసాకాలో చిరుతపులి మచ్చల చొక్కా తొడుక్కున్న పెద్దావిడ ఎవరో, రైలులోనో ఆసుపత్రి వరుసలోనో మీ పక్కన కూర్చుని, సంచిలో చేయి పెట్టి ఒక చక్కెర బిళ్ళ తీసి మీ చేతిలో పెడుతుంది. బిళ్ళను ‘అమె’ అంటారు. అక్కడి ఆడవారు దానికి చిన్నపిల్లలను పిలిచినట్టు ‘చాన్’ చేర్చి ‘అమె-చాన్’ అంటారు. వద్దనకండి. ‘ఓకిని’ అని తీసుకుని, మీ పొట్లం ఒకటి ఇవ్వండి. ఆవిడ తన యాసలో ఏదో అడుగుతుంది, మీరు మీ యాసలో ఊరు, పిల్లలు, మోకాళ్ళ నొప్పులు చెప్పండి. ఇద్దరికీ సగం అర్థమవుతుంది. పొట్లం తిరగేసి చూసి, తిరుగు కానుక చిన్నదైందని తోచి ఆవిడ మరో రెండు బిళ్ళలు ఇస్తుంది. అప్పుడు మీరు ఇంకొక పొట్లం తీయవలసి వస్తుంది, అందుకే పాతిక పెట్టుకోమన్నాను.